తంగేడు ఆకు కింద

నా చిన్నప్పుడు నన్నెవరైనా పూలదొంగ అంటే కొట్లాటకు దిగేదాన్ని. బతుకమ్మకు పూలు తెంపడం దొంగతనం ఎలా అవుతుంది? ఎవరి గోడ పక్కనున్నా, ఎవరి పెరట్లో పూసినా ఆ తొమ్మిది రోజులూ పూలన్నీ బతుకమ్మవే. మా అమ్మ అదే అనేది, వాళ్ళమ్మా అదే అనేదట. ఆ ధీమాతోనే ఓ ఏడు సద్దుల బతుకమ్మ నాడు కత్తెర పట్టుకుని పక్కింటి తాత పెరట్లో దూరాను.

మాది నాంపల్లి స్టేషను దగ్గర ఓ ఇరుకు సందు. పక్కింటి తాత కోర్టు బయట చెట్టు కింద మిషను పెట్టుకుని అర్జీలు టైపు చేసేవాడు. ఆయన పెరడు చూసి సందంతా నవ్వేది. మల్లె లేదు, గులాబీ లేదు. వానకు మొలిచిన ప్రతి పిచ్చిమొక్కనూ పెరగనిచ్చేవాడు. గునుగు, తుమ్మి, గడ్డిచామంతి, గోడవారన నా ఎత్తును మించిన ఒక తంగేడు. "తాత పాములను సాదుతుండు" అని సందులోని ఆడవాళ్ళు ఎగతాళి చేసేవారు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే పాత కెమెరా మెడలో వేసుకుని, గునుగు గింజలకు వచ్చే పిచ్చుకల కోసం, తుమ్మి పూల మీది తేనెటీగల కోసం కదలకుండా కూర్చునేవాడు. రీలుకు పన్నెండు ఫొటోలే వచ్చేవి. ఒక్కో రీలు ఆయనకు నెలల తరబడి సాగేది.

ఆ పండగకు కాచిగూడ నుంచి మా పెద్దమ్మ కూతురు వచ్చింది. దాని బతుకమ్మకంటే నాది ఒక్క వరుసైనా ఎత్తుండాలని నా పంతం. పొద్దు పొడవకముందే వెళ్ళి తంగేడు కొమ్మలన్నీ కత్తిరించి ఒడి నింపుకొచ్చాను. పూలు తుంచుకుని, ఆకులూ రెమ్మలూ సందు చివరి చెత్తకుప్పలో పారబోశాను.

తాంబాళంలో పూలు పేరుస్తుంటే తాత మా గడపలోకి వచ్చాడు. తిడతాడనుకుని నేనే ముందు అరిచాను. "బతుకమ్మకే తెంపిన తాతా!"

"మంచిగ చేసినవ్ బిడ్డా. కొమ్మలు ఏడ ఏసినవ్?" అన్నాడు. సందు చివరి చెత్తకుప్పలో అనగానే గబగబా అటు నడిచాడు.

నేను వెనకాలే పరుగెత్తి వెళ్ళేసరికి ఆయన కుప్ప ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క ఆకే తిప్పి చూస్తున్నాడు. అవతలి వైపు నుంచి ఓ మేక తాపీగా నములుకుంటూ వస్తోంది. ఏం పోయిందో తెలియకపోయినా మేకను తరిమి నేనూ వెతకడం మొదలుపెట్టాను. చివరికి ఆయనకే దొరికింది. ఆకు కింద, అచ్చం ఆకు రంగులోనే, చిటికెన వేలి కొసంత గూడు.

"సీతాకోకచిలుకది. ఎనిమిది దినాల సంది సూస్తున్న. రేపో మాపో రెక్కలొస్తయ్. దీని కోసమే ఆఖరి ఫొటో దాచిపెట్టిన," అన్నాడు.

తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని కాదు. తిట్టలేదు కాబట్టే వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ రెమ్మను తెచ్చి, మోడైన తంగేడుకు దారంతో కట్టాడు. గూడు మునుపటిలాగే వేలాడాలట, లేకుంటే రెక్కలు వంకరపోతాయట. బతుకుతుందా అని అడిగితే, "దాని కిస్మత్ బిడ్డా" అన్నాడు. ఆ సాయంత్రం నా బతుకమ్మే అందరికంటే ఎత్తుగా నిలిచింది. పెద్దమ్మ కూతురు మూతి ముడుచుకుంది కూడా. నాకు మాత్రం పాటా ఎక్కలేదు, చప్పట్లూ కుదరలేదు.

మర్నాడు పొద్దున్నే గోడ దూకి వెళ్ళాను. గూడు పచ్చదనం పోయి లేత పసుపుకు తిరిగింది. తాత తన కెమెరా తీసి నా మెడలో వేశాడు. "నువ్వే తియ్యి" అన్నాడు. ఎనిమిది రోజులు కాచుకున్న ఫొటోను ఎందుకు నాకిచ్చాడో అప్పుడు అర్థం కాలేదు. కాసేపటికి గూడు చిట్లింది. పిండి పడేసిన తడిగుడ్డలా ముడుచుకున్న రెక్కలతో అది బయటికొచ్చి, రెమ్మకు వేలాడుతూ ఒక్కో మడతా విప్పుకుంది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. అది గోడ దాటి ఎగిరిపోయాక గుర్తొచ్చింది, మీట నొక్కలేదని.

తాత పకపకా నవ్వాడు. కెమెరా తీసుకుని, ఆ ఆఖరి ఫొటో ఖాళీ గూటికి తీశాడు. ఆబిడ్స్ స్టూడియోలో కడిగించి నాకే ఇచ్చాడు. అందులో గూడు సరిగా కనిపించనే కనిపించదు. కనిపించేవల్లా దారం ముడి, నేను కత్తిరించిన కొమ్మల మొండాలు.

ఇప్పుడు మా మేడ మీద కుండీల్లో గునుగూ తంగేడూ పెంచుతున్నాను. వచ్చే పిట్టకూ పురుగుకూ ఫోనులో లెక్కలేనన్ని ఫొటోలు తీస్తాను. బతుకమ్మకు పూలు తెంపేటప్పుడు మాత్రం ప్రతి ఆకూ తిప్పి చూస్తాను. గూడు కనిపించిన కొమ్మ జోలికి పోను. అందుకే ఏటా నా బతుకమ్మ ఒక వరుస పొట్టిగానే ఉంటుంది.