ఎల్బీ నగర్ చౌరస్తాలో అలుగు పిల్ల

ఎల్బీ నగర్ చౌరస్తా ఇంకా అర కిలోమీటరు ఉందనగా, మధ్యాహ్నం పన్నెండూ పదికి, నా కుడిపాదం మీద చల్లగా ఏదో పడింది. వంగి చూస్తే ఒళ్లో పెట్టుకున్న సంచి అడుగు నుంచి చుక్కలు కారుతున్నాయి. వెంటనే వాసన. జువాలజీ ల్యాబులో మూడేళ్లు పీల్చిన వాసన అది, చచ్చిన జంతువులు చెడకుండా పోసే మందుది. ఫార్మలిన్. సంచిలోని సీసా మూత దగ్గర కారుతోంది.

సరిగ్గా అప్పుడే బస్సు ఆగిపోయింది. ముందు డప్పుల చప్పుడు. "చౌరస్తాల వంటావార్పు నడుస్తున్నది, తెలంగాణ కోసం రోడ్డు మీదనే వండుతున్నరు. మూడైతది గిది కదిలేసరికి," అన్నాడు కండక్టరు, తీరిగ్గా టికెట్ల సంచి భుజం మార్చుకుంటూ.

ఈ ప్రయాణం ఎందుకు చేశానో చెప్పాలి. మా డిగ్రీ కాలేజీలో పాత ల్యాబు ఖాళీ చేసినప్పుడు, యాభై అరవయ్యేళ్లుగా పోగైన జంతువుల సీసాలు, రాళ్లు, గూళ్లు, సీతాకోకచిలుకల పెట్టెలు వరండాలో పడేశారు. రిటైరైన మా పుల్లయ్య సారు వాటిని ట్రాలీ ఆటోలో సొంతూరు చౌటుప్పల్‌కు తీసుకెళ్లి, గొడ్ల కొట్టంలో దాచారు. రాష్ట్రానికి ఒక ప్రకృతి చరిత్ర మ్యూజియం కావాలని అప్పటి నుంచి మేము ఆరుగురం పాత విద్యార్థులం సంతకాలు సేకరిస్తున్నాం. మూడు నెలలు తిరిగాక ఒక అధికారి ఆదివారం సాయంత్రం అయిదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లోని తన ఇంటికి రమ్మన్నారు. సోమవారం మా అర్జీ ఫైలు మీద ఆయన తన అభిప్రాయం రాసి పంపాలి. "కాగితాలు సరే, చూపించడానికి ఏముంది మీ దగ్గర?" అని ఫోన్లో అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు తేవడానికే పొద్దున్నే బయల్దేరాను.

ఆరింటికి పిల్లలిద్దరినీ అత్తయ్యగారికి అప్పగించి దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కితే ఏడున్నరకు చౌటుప్పల్‌లో దిగాను. సారు భార్య జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. సారు కొట్టంలోంచి ఒక సీసా తెచ్చారు. లోపల అలుగు (పాంగోలిన్) పిల్ల. ఒళ్లంతా పొలుసులు, ముడుచుకుని నిద్రపోతున్నట్టుంది. గుట్టల్లో చచ్చి దొరికితే సారు చదువుకునే రోజుల్లో ఎవరో కాలేజీకి తెచ్చిచ్చారట. "బిడ్డను తీస్కపోయినట్టు తీస్కపో," అన్నారు. తీసుకొచ్చాను. కానీ మూత చుట్టూ ఉన్న మైనం పాతబడిందని ఇద్దరమూ చూసుకోలేదు. ఇలాంటి సీసాలు బస్సులో తేవాలనుకునేవాళ్లు ముందురోజే కొత్త మైనం పోయించండి. సంతకాల కాగితాలు వేరే సంచిలో పెట్టుకోండి. నేను ఆ రెండూ చేయలేదు.

"ఏముందమ్మా బ్యాగుల? కండ్లు మండుతున్నయ్," అంది పక్కసీటావిడ. కండక్టరు కూడా వెనక్కి చూశాడు. నేను నోరు విప్పలేదు. మాది గుంటూరు. నాన్న ఉద్యోగం వల్ల ఈ ఊరొచ్చి పదమూడేళ్లైనా నా మాట మారలేదు. ఉద్యమం వేడిమీదున్న రోజులు, ముందు రోడ్డంతా జనం, నా సంచిలోంచి కారుతున్న మందు. మాట్లాడితే ఏమవుతుందోనని భయం. నన్నెవరూ ఏమీ అనలేదు, నిజానికి. భయం నాదే. సంచి తీసుకుని బస్సు దిగిపోయాను.

చౌరస్తా దాకా నడిచి, రోడ్డు పక్కన ఒక మూసిన దుకాణం మెట్ల మీద కూర్చుని సీసా బయటకు తీశాను. ఫార్మలిన్ ఘాటుకు కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. మూత బిగిద్దామని తిప్పబోయాను.

"ఓ బిడ్డా! వద్దు బిడ్డా! పట్టుండ్రి, పట్టుండ్రే!"

తలెత్తేలోపు బిందెడు నీళ్లు నా నెత్తిన పడ్డాయి. ఊపిరాడలేదు. ఇంకో బిందె. అరవై దాటిన ఒక పెద్దావిడ నా రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకుంది. ఇంకొకామె సీసా లాక్కుంది.

"నీకు పిల్లలున్నరా? చెప్పు, ఉన్నరా?" పెద్దావిడ నన్ను ఊపేస్తోంది.

"ఇద్దరండీ," అన్నాను.

"ఇద్దరు పిల్లల తల్లివి, గిట్ల జేస్తవా? తెలంగాణ రేపొస్తది, ఎల్లుండొస్తది. నువ్వు మళ్ల వస్తవా?"

అప్పుడు అర్థమైంది. ఈ ఉద్యమంలో ఎంతమంది పిల్లలు ఒంటి మీద పెట్రోలు పోసుకుని పోయారో అందరికీ తెలుసు. ఒంటరిగా ఏడుస్తూ, సీసా మూత తిప్పుతూ, ఘాటు వాసన కొడుతూ నేను. వాళ్లు వేరేలా ఎలా అనుకుంటారు?

"పెట్రోలు కాదండీ! అందులో... జంతువుంది. చూడండి."

సీసా లాక్కున్నామె పైకెత్తి ఎండకు పట్టి చూసింది. "అత్తా! గీండ్ల ఏందో ముడుసుకొని పన్నది."

పెద్దావిడ చేతులు వదిలింది. కొంగుతో సీసా తుడిచి కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. "అలుగు," అంది చివరికి. "గిది అలుగు గదనే. మా నాయిన ఎంట గుట్ట మీదికి మేకలకాడికి పోతే చూసిన. ముట్టుకుంటే చక్రం లెక్క అయిపోయేది." నా వైపు తిరిగి, "గిదాన్ని పట్టుకొని ఏడుస్తున్నవా, పిచ్చిదానా!" అంది. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నిజంగా ఏడ్చాను.

ఆవిడ పేరు ఎల్లమ్మ. నల్గొండ పల్లె నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో ఉంటారు. సీసా లాక్కున్నది కోడలు సుగుణ. "మా ఇంటెనక పిలగాడు గట్లనే పోయిండు," అన్నారు ఎల్లమ్మ, నా జుట్టు పిండుతూ. "ఆ దినం అందరం చూసుకుంట నిలవడ్డం. బిందె ఎవలకు యాదికి రాలె. గందుకే గియ్యాల నీళ్లకాడనే కూసున్న."

సుగుణ తన సంచిలోంచి ఆకుపచ్చ నేతచీర తీసి ఇచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు దుప్పటి అడ్డం పట్టుకుంటే దుకాణం మెట్ల వెనక మార్చుకున్నాను. సారుకు ఫోన్ చేస్తే, "జర మంచినీళ్లు పోసి మూత బిగించు, సాయంత్రం దాక ఏం గాదు," అన్నారు. అన్నం ఎసట్లోకి తెచ్చిన నీళ్లతో సీసా నింపాం. సుగుణ కొవ్వొత్తి కరిగించి మూత చుట్టూ పోసింది.

కాగితాలు మాత్రం పోయాయి. పదకొండు కాగితాల్లో సిరా కలిసిపోయి నీలంగా ఒక్క ముద్ద. మూడు నెలల తిరుగుడు. అయిదింటికి ఏం పట్టుకెళ్లాలి?

మ్యూజియం సంగతి, సంతకాల సంగతి చెబితే ఎల్లమ్మ ఆ ముద్దను చూశారు. "మేం పోసిన నీళ్లకే గదా పోయినయ్. మేమే పెడతం తియ్. సుగుణా, చార్టు తే." నినాదాలు రాయడానికి తెచ్చిన పెద్ద తెల్ల చార్టు అది. పైన ఎర్రటి అక్షరాలతో 'జై తెలంగాణ' అప్పటికే రాసి ఉంది, కింద ఖాళీ.

ఒకాయన పెన్ను పట్టుకుని ఆగాడు. "రాష్ట్ర మ్యూజియం అంటున్నవ్. ఏ రాష్ట్రమమ్మా?"

ఎల్లమ్మే జవాబిచ్చారు. "అలుగుకు ఏం ఎరుక రాష్ట్రం? అది మన గుట్టలది. ఇల్లు ఈడనే కట్టాలె. పెట్టు సంతకం."

"మరి గీమె మాట ఆంధ్ర మాటుంది?"

"ఆంధ్ర మాటైతేంది? మోసుకొచ్చింది మన అలుగును గాదా?"

ఆయన నవ్వి పెట్టాడు. తర్వాత వరస కట్టారు. మా బస్సు కండక్టరు, పక్కసీటావిడ, డప్పు కొట్టేవాళ్లు. ఎల్లమ్మ వేలిముద్ర వేశారు. దాని పక్కన ఆవిడ చెప్పినట్టే రాశాను: 'చిన్నప్పుడు చూసిన. ఇప్పుడు లేదు.' రెండింటికి విస్తరాకులో వేడన్నం, పప్పు, వంకాయ కూర పెట్టారు. చౌరస్తాలో తారురోడ్డు మీద కూర్చుని తిన్న ఆ భోజనం రుచి ఇంకా నోట్లో ఉంది.

మూడున్నరకు ఎల్లమ్మ దగ్గర సెలవు తీసుకుని, చార్టు చుట్టి చంకన పెట్టుకుని, సీసా గుండెకు హత్తుకుని నడిచాను. బస్సులింకా కదల్లేదు. కొత్తపేట పండ్ల మార్కెట్ దాటేసరికి నాలుగూ పది. చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ ఇంటి గుమ్మం చేరేసరికి అయిదుకి అయిదు నిమిషాలు. దారంతా ఒకటే దిగులు: పైనున్న ఆ ఎర్ర అక్షరాలు.

అధికారి సీసా చూసి అద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నారు. చార్టు విప్పగానే మొహం మారింది. "ఇది ఫైల్లో పెట్టలేనమ్మా. ఈ పైముక్క చింపేస్తే..."

"చింపకండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆ కాగితం వాళ్లదండీ. వాళ్లు నా కోసం ఇచ్చారు."

ఆయన కింద నుంచి ఒక్కో సంతకం చదువుతూ పోయారు. వేలిముద్ర దగ్గర ఆగారు. తర్వాత ఎర్ర అక్షరాలున్న మేరకు చార్టును వెనక్కి మడిచారు. చింపలేదు. మడిచి ఫైల్లో పెట్టి, పైన కాగితం మీద రాశారు: 'నమూనా స్వయంగా చూశాను. సేకరణను భద్రపరచడానికి మ్యూజియం అవసరం.' సీసా తన దగ్గరే ఉంచుకుని, సోమవారం ఆఫీసుకు తీసుకెళ్తానన్నారు.

మ్యూజియం వచ్చేసిందని అనడం లేదు. ఫైలు చాలా బల్లలు దాటాలి. కానీ ఆరింటికి ఖాళీ చేతులతో ఇంటికి నడుస్తుంటే, పొద్దున బయల్దేరిన ఊరు ఇదేనా అనిపించింది. పదమూడేళ్లు ఈ రోడ్ల మీద తిరిగాను. వీళ్లు నన్ను కాపాడతారని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఈ పొద్దున పిల్లలు దండెం మీది ఆకుపచ్చ చీర పట్టుకుని "ఇదెవరిదమ్మా?" అన్నారు. చెప్పాను: "ఇది సుగుణ అత్త చీర. నాకేదో అయిపోతుందనుకుని వాళ్ల అత్తగారు ఎల్లమ్మమ్మ నా మీద బిందెడు నీళ్లు పోసింది. వచ్చే ఆదివారం కర్మన్‌ఘాట్ వెళ్లి చీర ఇచ్చేసి వద్దాం. ఆవిడ చిన్నప్పుడు నిజం అలుగును చూసింది. అది చక్రంలా ఎలా ముడుచుకునేదో, మీరిద్దరూ అడగండి."