ముక్క బిళ్లల లెక్క

బతుకుదెరువుకు వచ్చిన ఈ గుజరాతీల ఊరు వడోద్‌లో, మా రెండు గదుల ఇంట్లో పొద్దంతా నాకు తోడు మరమగ్గాల చప్పుడే. మా ఆయనది ఆ మగ్గాల దగ్గరే పని; ఇంటికొస్తే తిని పడుకుంటాడు. పదో తరగతి చదివే మా అమ్మాయి బడి నుంచి రాగానే లోపలి గదిలో తలుపేసుకునేది. స్నేహితులతో ఫోనులో హిందీ, గుజరాతీ గలగలా మాట్లాడేది. నాకు మాత్రం 'ఊఁ', 'ఆఁ'. ఒళ్లు మండేది. మండి ఏం లాభం?

పరీక్షల ముందు ఒకరోజు, పుస్తకంలో చిల్లర బిళ్లల లెక్కలన్నీ అయిపోయాయంది. బిళ్లలు మొత్తం ఎన్నో ఒక సమీకరణం, డబ్బు ఎంతో ఇంకో సమీకరణం. రెండూ ఉంటే తప్ప ఎక్స్, వై తేలవు. నేనూ తెలుగు మీడియంలో పది చదివినదాన్నే. "ఆగు, నేనిస్త" అని గొప్పగా ఒకటి అల్లాను. రెండు రూపాయలవీ ఐదు రూపాయలవీ కలిపి ఇరవై బిళ్లలు, మొత్తం అరవై రూపాయలు. ఏవి ఎన్ని?

కాసేపటికి తలుపు తెరుచుకుంది. పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "అమ్మా, ఐదు రూపాయలవి ఆరు అచ్చినయ్, ఇంకోదాంట్ల ముక్క అచ్చింది! సిక్కాబిళ్లను కొయ్యాల్నా ఏంది?"

నా పరువు గంగలో కలిసింది. అయినా ఎంత హాయిగా ఉందో! పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది. "అన్నీ రెండు రూపాయలవే అనుకో, నలభై అయితయ్. ఒక్కోటి తీసి ఐదుది పెడితే మూడు పెరుగుతయ్. మిగిలిన ఇరవైని మూడుతోని భాగిస్తే శేషం లేకుండ పోవాలె. పోదు."

నేర్చుకున్నాను. అక్కడే చెడింది. ఆ తర్వాత నేనిచ్చిన లెక్కలన్నీ చక్కగా కుదిరాయి. జవాబు లోపలి నుంచే అరిచి చెప్పేది. తలుపు తీయాల్సిన పనే లేకపోయింది. ఒక్కదాన్నే కూర్చుని అన్నం కలుపుకుంటుంటే ఏడుపొచ్చేది.

మొన్న మళ్లీ ఇరవై బిళ్లలే అన్నాను. మొత్తం అరవై రెండు రూపాయలు.

తలుపు తీసుకుని వచ్చింది. ఈసారి నవ్వలేదు. "ఇది పోదని నీకెరుకే గద. ఎందుకిచ్చినవ్?"

ఏదో సర్దిచెప్పబోయాను. కానీ నిజమే బయటికొచ్చింది. "గట్లయితెనే నువ్వు లేశి వస్తవని. ఒక్కదాన్నే ఉంటున్న బిడ్డా."

అది వెనక్కి తిరిగింది. లోపలికి పోయింది. ఇక రాదనుకున్నాను. పుస్తకం పట్టుకుని వచ్చి, చాప మీద నా పక్కన కూర్చుంది.

"ఇంకోటి ఇయ్యి" అంది. "తప్పుదే ఇయ్యి."