మిగిలింది ‘బాయి’ అన్న మాటే

"బాయి పోయింది పెద్దమ్మా" అని ఫోనులో చెప్పాను.

అవతల పాలమూరు పల్లెలో మా పెద్దమ్మ ఉలిక్కిపడింది. "ఏ బాయే? నేను నీళ్ళు పంపిన బాయా? మొన్ననే కద సేదిన, మంచిగనే ఉండె!"

ఏడుస్తున్న నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. తప్పు పెద్దమ్మది కాదు. ఆమె ఊళ్ళో బాయి అంటే బావి. మా కామాఠీపురాలో బాయి అంటే బడిలో పాఠం చెప్పే ఆవిడ. మరాఠీ బళ్ళలో పిల్లలు టీచరమ్మను అలాగే పిలుస్తారు. మాది తెలుగు బడే అయినా మున్సిపాలిటీదే కాబట్టి మాకూ ఆ పిలుపే అలవాటైంది. పోయింది నాకు అక్షరాలు నేర్పిన మనిషి. పెద్దమ్మ బావినీళ్ళు ఎందుకు పంపిందో కూడా చెప్పాలి. అది ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నా గుండె పగిలిపోయేలా ఉంది.

మా చాళ్‌లో అంటే ఒక్కో సంసారానికి ఒక్కో గది ఉండే పాత మేడలో, పై అంతస్తు చివరి ఖోలీ ఆమెది. మొగుడు చిన్నతనంలోనే పోయాడు, పిల్లలు లేరు. బొడ్డు దగ్గర చీరమడతలో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. నల్లా దగ్గర నీళ్ళు పట్టుకునేటప్పుడు కూడా ఎవరి పిల్లయినా దొరికితే సిమెంటు గట్టు మీద ఒక అక్షరం రాసి "ఇదేంది?" అని అడిగేది. చెప్పలేకపోతే తిట్టేది కాదు, రాయమనేది. "తప్పు రాస్తే తుడువొచ్చు. రాయకనే పోతే ఏం తుడుస్తవ్ పోరీ?" అనేది. నన్ను ఆమె ఏనాడూ పేరుతో పిలవలేదు, ఎప్పుడూ పోరీ అనే.

బొంబాయి అని రాయించడం ఆమెకు మహా సరదా. "ఈ ఊరి పేరుల సగం నాదే. నా సగం తప్పు రాసిన్రో, చెవులు పిండుత" అని బెదిరించేది. పిల్లలు నిజమే అనుకునేవాళ్ళు. నేనైతే చాలాకాలం ఆమె పేరునే ఊరికి పెట్టారనుకున్నాను.

సాయంత్రాలు ఆమె ఖోలీలో మాకు ట్యూషన్. మా పక్క గల్లీలోనే, డబ్బిచ్చి మగాళ్ళు వచ్చిపోయే ఆ ఇళ్ళు ఉండేవి. కామాఠీపురా అనగానే ఊరంతటికీ గుర్తొచ్చేవి అవే. మట్టి మోసి, రాళ్ళు కొట్టి ఈ నగరాన్ని కట్టడానికి వచ్చిన కామాఠీలు మా తాతలేనని, వాళ్ళ వల్లే ఆ పేరు వచ్చిందని ఎవరికీ పట్టదు. ఒకరోజు ఎవరో తాగి, దారి తప్పి, మా గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి "బాయి హై క్యా?" అన్నాడు. మాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె చాప మీంచి లేవలేదు.

"హాఁ, మైఁచ్ బాయి. ఆజా, బైఠ్" అని, నేనే బాయిని కూర్చోమంటూ పలక అతని ముందుకు తోసింది. "అ లిఖ్" అంది, అక్షరం రాయమని.

అతను పలకనీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయాడు. మేం పడీ పడీ నవ్వాం. ఆమె నవ్వలేదు. "ఎందుకు నవ్వుతున్రు? పక్క గల్లీల ఉన్నది గూడ బాయే. ఆమె కోసం వచ్చినోనికి ఆమె పేరు తెల్వది, మీకు నా పేరు తెల్వది" అంది. ఆ గల్లీలో ఉండే ఒక తెలుగామె మధ్యాహ్నాలు చదువుకోవడానికి వచ్చేది. ఇద్దరూ ఒకరినొకరు "బాయీ" అని పిలుచుకుంటూ చాయ్ తాగేవాళ్ళు. చాళ్‌లో కొందరు మూతి తిప్పేవాళ్ళు. ఆమె ఖాతరు చేయలేదు.

మా అమ్మ కూడా బాయే. పెద్దోళ్ళ ఫ్లాట్లలో గిన్నెలు తోమేది, బట్టలుతికేది. ఈ ఊళ్ళో పనిమనిషికీ ఆ పేరే మరి. నేను కాస్త ఏపుగా ఎదగగానే బడి మాన్పించి తనతో తీసుకుపోదామనుకుంది. ఆ రోజు మా బాయి మా గుమ్మంలో వచ్చి నిలబడిన తీరు నేను మరిచిపోలేను.

"ఏమమ్మా, ఇంట్ల ఒక బాయి సాలదా?" అంది.

"కడుపులు నిండాలె కద బాయి" అంది అమ్మ.

"గిన్నెలు ఏడికీ పోవు. బిడ్డ చదువు పోతది. బాయిని చేస్తే నాలెక్క బాయిని చెయ్యి."

నేను ఆమెలాంటి బాయిని కాలేదు. ఫోరస్ రోడ్డులో చీరలకు ఫాల్ కుట్టే చిన్న దుకాణం పెట్టుకున్నాను. కానీ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే. తర్వాత తెలుగు బడి మూతపడింది. చాళ్‌లో పిల్లలు తమలో తాము మరాఠీలో, హిందీలో మాట్లాడుకుంటూ ఆమె ముందు నుంచే మెట్లు దిగి వెళ్ళేవాళ్ళు. ఆమె గుమ్మంలో కూర్చుని వినేది. "ఏ భాషైతే ఏంది, నోరు మంచిగున్నది" అనేది. అని లోపలికి వెళ్ళిపోయేది.

అలాంటి మనిషి నోరు పడిపోయింది. నల్లా దగ్గరే కూలబడింది. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు చచ్చుబడ్డాయి. నాగ్‌పాడా దాటి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. మూడు భాషలు గలగలా మాట్లాడే మనిషి దగ్గర ఒక్కటంటే ఒక్క మాట మిగిలింది.

"బాయి."

ఇలా ఒక్కోసారి ఒకే మాట మిగులుతుందని డాక్టరమ్మ చెప్పింది. బుద్ధి సరిగ్గానే ఉందట, మాటే రాదట. అంతకంటే పాడు శిక్ష ఉంటుందా? కళ్ళు నా మీదే పెట్టి "బాయి" అంటుంది. ఏం కావాలి బాయీ అంటే మళ్ళీ "బాయి". అర్థం కాకపోతే ఎడమచేత్తో మంచం పట్టీని కొడుతుంది. ఆ చప్పుడు వింటుంటే నా తల నేను గోడకేసి కొట్టుకోవాలనిపించేది. జీవితమంతా మాటలు పంచిన మనిషి ఒకే ఒక్కటి అడుగుతోంది, అదేమిటో నాకు తెలియడం లేదు. ఆమెకు ఇక నేను తప్ప దిక్కు లేదు. టైము కూడా లేదని డాక్టరమ్మ ముఖం చూస్తేనే తెలిసింది.

ఆయాబాయిని పిలుస్తోందేమో అని వార్డంతా వెతికి ఆయాను తీసుకొచ్చాను. ఆయా పక్క సర్ది, తడి గుడ్డతో ఒళ్ళు తుడిచి వెళ్ళింది. "బాయి" అంది మళ్ళీ.

పక్క గల్లీ ఆమె కోసమేమో అనుకున్నాను. ఆ ఇళ్ళు సగం ఖాళీ అయ్యాయి, మనుషులు చెల్లాచెదురయ్యారు. గుమ్మం గుమ్మం అడుక్కుంటూ తిరిగి, చివరికి ఆమెను వెతికి పట్టుకొచ్చాను. ఆ ముసలామె వచ్చి ముఖానికి ముఖం ఆనించి "బాయీ, నేనే" అని భోరుమంది. మా బాయి ఎడమచేత్తో ఆమె తల నిమిరింది. హమ్మయ్య అనుకున్నాను. అంతలోనే ఆమె భుజం మీదుగా నన్ను చూసి "బాయి" అంది, బతిమాలుతున్నట్టు.

మా చాళ్‌లో తాపీపని చేసే పాలమూరాయన అన్నాడు, "బాయంటే బాయే అక్కా. పానం పోయేటప్పుడు పుట్టినూరి నీళ్ళు యాదికొస్తయ్." నాకు అది దేవుడి మాటలా తోచింది. పెద్దమ్మకు ఫోన్ చేశాను. మా బాయి పుట్టిన ఊళ్ళో బావి ఎప్పుడో పూడ్చేశారట. పెద్దమ్మ ఆ పక్క చేనులో ఉన్న పాతబావిలో నీళ్ళు చేది, సీసాలో పోసి, బొంబాయి బస్సు డ్రైవరు చేతికిచ్చింది. పొద్దున్నే దాదర్ వెళ్ళి తెచ్చుకోవాలి. నేను బయలుదేరుతుంటే మా బాయి నా కొంగు పట్టుకుంది. "బాయి, బాయి, బాయి" అంది. "తెస్తున్న బాయీ, గదే తెస్తున్న" అని వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుని పరుగెత్తాను.

బస్సు ఆలస్యమైంది. సీసా గుండెకు హత్తుకుని తిరిగొచ్చేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు.

ఆయా మంచం పక్కనే ఉంది. నన్ను చూసి కోపంగా అంది, "కహాఁ చలీ గయీ థీ బాయీ? ఆఖిర్ తక్ తుమ్‌కోచ్ బులా రహీ థీ."

ఎక్కడికి పోయావు, చివరిదాకా నిన్నే పిలుస్తూ ఉంది అని. ఆయా నన్ను బాయీ అంది. బస్సులో కండక్టరు అంటాడు, చేపలమ్మే ఆమె అంటుంది, పేరు తెలియని ఏ ఆడదాన్నయినా ఈ ఊళ్ళో అలాగే పిలుస్తారు. పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. ఆ మాటకు ఉన్న అర్థాలన్నీ వెతికాను, ఈ ఒక్కటే తట్టలేదు. ఆమె నన్నెప్పుడూ పోరీ అనే పిలిచింది కదా. కానీ ఉన్నది ఒక్క మాటే అయినప్పుడు, ఎవరిని పిలవాలన్నా ఆ మాటతోనే పిలవాలి. ఆమె చూపు ఒక్కసారైనా నా మీంచి తప్పుకుందా? ఏదో తెమ్మని అడుగుతోందనుకుని పూటపూటకీ లేచి పరుగెత్తాను. ఆమె నా కొంగు పట్టుకుంది వెళ్ళమని కాదేమో.

నాకు తెలియదు. ఇక చెప్పేవాళ్ళు లేరు.

స్ట్రెచర్ వస్తోంది, పక్కకు జరగమన్నారు. నేను జరగలేదు. దుప్పటి కింద ఆమె ఎడమచెయ్యి వెతికి పట్టుకుని, అప్పుడు కూర్చున్నాను ఆమె పక్కన.