చాటలు ఆగిన పూట

పోయిన నెల కంటి పరీక్షకని కోదాడ నుంచి సూర్యాపేట వెళ్లాను. డాక్టరు రావడానికి ఇంకా రెండు గంటలు పడుతుందని తెలిసి, మా మనవరాలు సైన్సు చెప్పే ప్రైవేటు బడికి వెళ్లి, ఆమె పీరియడ్ అయ్యేదాకా వరండాలో కూర్చున్నాను. ఎదురుగా గోడకు ఒక బోర్డు ఉంది. ఉద్యోగినులను గానీ పిల్లలను గానీ ఎవరైనా వేధిస్తే ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో అన్నీ తెలుగులో రాసి ఉన్నాయి. ఉద్యోగినులైతే మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలట, తొంభై రోజుల్లో విచారణ ముగించాలట. బతుకంతా లెక్కలు రాసినదాన్ని, గడువు కనబడితే నా కళ్లు అక్కడే ఆగిపోతాయి. ఒకటికి రెండుసార్లు చదువుతుంటే, సీసాలో నీళ్లు నింపుకోవడానికి వచ్చిన నాలుగో తరగతి పిల్ల నా పక్కన నిలబడింది.

"సదువు రాదా అమ్మమ్మా? నేను జెప్త. ఎవరన్న పరేషాన్ చేస్తే గీ మేడమ్‌కు చెప్పాలె. గంతే."

సీసా మూత బిగించుకుంటూ వెళ్లిపోయింది. ఆ పిల్లకు అది 'గంతే'. మన కాలంలో ఆ వేధింపుకు పేరే లేదు కదా. 'ఆయన చూపు మంచిది కాదు' అనుకునేవాళ్లం, అదీ వంటింట్లో, గొంతు తగ్గించి.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాయడానికి చేరేనాటికి నాకింకా పెళ్లి కాలేదు. ఆత్మకూరు నుంచి నాన్న స్వయంగా తీసుకొచ్చి నన్ను చిన్నమ్మ ఇంట్లో దింపుతూ ఒకటే షరతు పెట్టాడు: "నీ గురించి ఒక్క మాట ఇంటిదాక వచ్చిందా, ఆ దినమే పెట్టె సర్దుకొని బస్సెక్కాలె." తప్పు ఎవరిదైనా సరే అన్నది ఆయన నోటితో అనకపోయినా ఆ షరతులోనే ఉంది. మా ఇళ్లలో నెల జీతం తెచ్చుకున్న మొదటి ఆడపిల్లను నేను. ఆ కుర్చీ అంటే నాకెంత ప్రాణమో నా ఈడు వాళ్లకు విప్పి చెప్పనక్కర్లేదు.

మిల్లు మేనేజరుది మా నాన్న వయసు. మొదట్లో కూడికలు సరిచూసే వంకతో వెనక నిలబడి వంగేవాడు, తర్వాత కుర్చీ మీద చెయ్యి వేసేవాడు, కొన్నాళ్లకు ఆ చెయ్యి కుర్చీ మీంచి నా భుజం మీదికి వచ్చింది. మిల్లు యజమాని సేటుకు చెబుదామంటే మేనేజరు లేనిదే ఆయనకు పొద్దు గడవదు, చిన్నమ్మకు చెబితే మర్నాటికల్లా నాన్నకు చేరుతుంది. అందుకని బల్లను తిప్పి, వీపు గోడకు ఆనేలా, ముఖం షెడ్డు వైపు ఉండేలా వేసుకున్నాను. నేను చేయగలిగింది అంతే.

షెడ్డులో తండాల నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు వరసగా కూర్చుని బియ్యం చెరిగేవాళ్లు. కరెంటు పోయి యంత్రాలు ఆగిన పూట ఆ చాటల చప్పుడు రేకుల మీద వాన పడుతున్నట్టు ఉండేది. వాళ్లలో పెద్దావిడను అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. "ఓ లెక్కల పిల్లా, నీకొచ్చే మొగడు ముద్దముద్దకు లెక్క జెప్పాలె గావొచ్చు!" అని ఆవిడ నన్ను ఆటపట్టిస్తే షెడ్డంతా నవ్వేది. బల్ల తిరిగిన రోజు మాత్రం ఆవిడ నన్నూ బల్లనూ ఒకసారి చూసి మళ్లీ చాట అందుకుంది.

అలా కరెంటు లేని ఒక మధ్యాహ్నం, లారీ వాకిట్లో నిలబడి ఉండగా, బస్తాలు లెక్కపెట్టాలని మేనేజరు నన్ను గోదాములోకి పిలిచాడు. దుమ్ము వస్తోందని తలుపు దగ్గరికి వేశాడు. బస్తాల సందులో నేను వెనక్కి జరుగుతూ, ఆయన ముందుకు వస్తూ ఉండగా, బయట చాటల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆయన చెయ్యి కూడా గాలిలోనే నిలిచిపోయింది. ఆ నిశ్శబ్దంలో ముందుగది నుంచి సేటు చెప్పుల చప్పుడు, ఆ వెంటనే ఆయన కేక వినబడ్డాయి.

"ఏమైందే మీకు? చేతులు పడిపోయినయా? గాడ లారీ నిలబడ్డది!"

"చేతులకేమైంది సేటూ, మంచిగనే ఉన్నయ్" అంది పెద్దమ్మ. "లెక్కల పిల్ల గోదాంల ఉన్నది. ఆ పిల్ల బయటికొస్తే చాటలు వాటికవే లేస్తయ్."

ఎవరి పేరూ ఎత్తలేదు, ఎవరి మీదా నింద వేయలేదు. సేటు వచ్చి తలుపు తోశాడు. నేను గడప దాటగానే ఒక చాట లేచింది, తర్వాత ఇంకొకటి, ఆపైన వానంతా మళ్లీ మొదలైంది. రోజు కూలీకి వచ్చేవాళ్లు వాళ్లు, మర్నాడు పనికి రావద్దని ఆ మేనేజరు ఒక్క మాటంటే పొయ్యి వెలగదు. నాకోసం ఎందుకు ఆగారో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఆనాటి నుంచి గోదాములో లెక్క తలుపులు బార్లా తీసి, ఇద్దరు ఆడవాళ్లు పక్కన ఉండగా చేయాలని సేటు ఆజ్ఞ. మేనేజరుకు మాత్రం ఏమీ కాలేదు. ఆత్మకూరుకు ఏ మాటా చేరలేదు, నా కుర్చీ నాకు దక్కింది. ఆ చాటలు ఎంతసేపు ఆగి ఉన్నాయో, బతుకంతా లెక్కలతో గడిపినదాన్ని, ఆ ఒక్క లెక్కా నా దగ్గర లేదు.

గంట కొట్టాక మనవరాలు చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ వచ్చింది. ఇలాంటి బోర్డులు గోడకు అందం కోసమేనా అని అడిగాను. "లేదు అమ్మమ్మా, నేనే పోయినేడు ఫిర్యాదు ఇచ్చా. గడువులోపే తేల్చారు. అతనిప్పుడు ఇక్కడ లేడు" అంది, పరీక్ష పేపర్లు దిద్దేశానన్నంత తేలిగ్గా. ఎవరే వాడు అంటే పేరు చెప్పకూడదట, అదీ రూలేనట. నీకు తోడు ఎవరు వచ్చారని అడిగాను.

"నాన్నే. బండి మీద తీసుకొచ్చి, అయ్యేదాకా బయట కూర్చుని రెండు టీలు తాగాడు."

మా అల్లుడు నోట్లో నాలుక లేని మనిషని ఇన్నాళ్లూ అనుకునేదాన్ని. మాట ఇంటిదాకా వచ్చినా పెట్టె సర్దమనకుండా, పిల్లను మళ్లీ అదే గేటు ముందు దింపి బయట కాపలా కూర్చున్నాడంటే, ఆ మనిషి నాకు ఇంతకాలం తెలియనే లేదన్నమాట. కళ్ల డాక్టరు దగ్గర మా వంతు వచ్చేలోగా నా కథంతా మనవరాలికి చెప్పాను, ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. "మూడు నెలలు ఎప్పుడో దాటిపోయాయి కదే" అని నేను నవ్వితే అది నవ్వలేదు, డాక్టరు పిలిచేదాకా నా చెయ్యి పట్టుకునే ఉంది.

మొన్న మిర్యాలగూడ మీదుగా పోతూ బస్సు కిటికీలోంచి మిల్లుల వైపు చూశాను. ఇప్పుడు బియ్యంలో రాళ్లు ఏరేది యంత్రాలే. చెరిగే వాళ్లు లేరు, పెద్దమ్మా లేదు. గోదాములో ఏ పిల్ల ఒంటరిగా ఉందో యంత్రానికి తెలియదు, తెలిసినా ఆగదు. అందుకేనేమో ఒక పిల్ల కోసం ఆగడం ఎలాగో బోర్డులుగా గోడల మీద రాసి పెట్టుకోవలసి వచ్చింది.