ఇసుక తీసిన చేతులు

మా ఆయన్ని వీధిలో అందరూ రెండొందలాయన అంటారు. జీతం అనుకునేరు, కాదు. ఆయన ఫోన్లో కెమెరా రెండొందల మెగాపిక్సెళ్ళది. ఫోటో దిగడానికి ఎవరొచ్చినా కూర్చోమనే లోపే ఆ అంకె చెవిలో వేస్తాడు. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన ఒక ముసలాయనకీ చెప్పాడు. ఆయన పాపం కంగారుపడి, "అన్నెందుకు బాబూ, నాకు నాలుగు చాలు" అన్నాడు.

అంతకుముందు స్టూడియోలో పెద్ద కెమెరా ఉండేది. బరువుకి మెడ లాగేసేది. దాని అంకె ఇరవై నాలుగే. "ఇరవై నాలుగు పెద్దదా, రెండొందలు పెద్దదా?" అని నన్ను ఒకటో తరగతి పిల్లని అడిగినట్టు అడిగి, దాన్ని అమ్మేసి ఫోను కొన్నాడు. దాన్ని కొనుక్కున్న కెమెరాల రిపేరు తాత గుమ్మంలో ఆగి మరీ చెప్పాడు. "ఒరేయ్, వెలుతురు పట్టే పలక దీంట్లో తపాలా బిళ్ళంత ఉంటుంది. నీ ఫోన్లో చిటికెన వేలి గోరంత. గోరు మీద నువ్వెన్ని గళ్ళు గీసుకున్నా పడే వెలుతురు గోరంతేరా." వింటేగా! ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆ పెద్ద కెమెరా కొనిపెట్టింది మా వదిన, ఈయన సొంత అక్క. తల్లి పోయాక ఈయన్ని చంకనేసుకుని పెంచింది. గుడ్డలకి రంగులేసే కార్ఖానాలో తొట్ల దగ్గర పని. మోచేతుల దాకా రంగునీళ్ళలో పెట్టి తమ్ముణ్ణి ఫోటోగ్రాఫర్ని చేసింది. కెమెరా అమ్మేశాడని నేను చెప్తే, "వాడి విద్య వాడికి తెలీదా అమ్మాయ్" అని నా నోరే మూయించింది. వెనకేసుకురావడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా.

కిందటి వానాకాలంలో కార్ఖానావాళ్ళు తొట్లలో ఏదో కొత్త మందు కలిపారు. వదిన చేతుల నిండా పొక్కులు లేచాయి, ఆవగింజలంత, ఎర్రగా, సందు లేకుండా. అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. యూనియన్ పెద్దమనిషి ఒకాయన దారి చెప్పాడు. మందువల్లే అని విచారణలో తేలితే మడతలు పెట్టే గదికి మారుస్తారట, పొడి పని, చెయ్యి తడవదు. తేలకపోతే మళ్ళీ తొట్లే, లేదంటే ఇంట్లో కూర్చోవడమే. "విచారణకి పిలిచేసరికి పొక్కులు మానిపోతాయి. ఇప్పుడే మంచి ఫోటో తీయించుకోమ్మా, అదే సాక్ష్యం" అన్నాడు.

మంచి ఫోటోకి ఎక్కడికెళ్తుంది? డ్యూటీ దిగి తిన్నగా తమ్ముడి దగ్గరికే వచ్చింది. బయట వాన, లోపల కరెంటు లేదు. నేను ఫ్లాష్ వెయ్యమన్నాను. "రెండొందలకి ఫ్లాషెందుకే? చీకట్లో కూడా లాగేస్తుంది" అన్నాడు. వదిన అరచేతులు చాచింది. ఆయన అక్క చేతుల్ని కాదు, ఫోన్లో అంకెనే చూశాడు.

చీకట్లో తీస్తే ఫోటో నిండా గరగరలాడే చుక్కలు వస్తాయి. మా స్టూడియోలో దాన్ని ఇసుక అంటాం. కరెంటొచ్చాక కంప్యూటర్లో వేస్తే ఇసుకే ఇసుక. ఆయన తెర మీద ఇసుక తీసే మీట పట్టుకుని చివరిదాకా జరిపాడు. ఇసుక పోయింది. ఇసుకతో పాటు పొక్కులూ పోయాయి. ఆ యంత్రానికేం తెలుసు, ఏది చుక్కో ఏది పుండో!

"పొక్కులేవీ?" అన్నాను.

"లోపలున్నాయి. ఇందులోంచి ఏదీ ఎక్కడికీ పోదు. వాళ్ళు పెద్దది చేసి చూసుకుంటారు."

"చూసుకోకపోతే? లైటేసి ఇంకోటి తియ్యరాదూ?"

"నాకు చెప్పొచ్చావా!" అని లేచాడు.

వదినేమో మధ్యలో దూరి, "వాడు ఉన్నాయంటున్నాడుగా, ఉంటాయిలే" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తళతళలాడే కాగితం మీద అచ్చేసి, పెన్‌డ్రైవులోకి కూడా ఎక్కించి కవర్లో పెట్టిచ్చాడు. పైన పటారం, లోన లొటారం.

విచారణకి నేనూ వెంట వెళ్ళాను. అప్పటికి పొక్కులు మానిపోయి, చేతులు ఎండి, పగిలి, నల్లబడ్డాయి. విచారణాధికారిణి ఫోటో తీసుకుని వెలుగులోకి తిప్పి చూసింది. ఎగతాళికి కాదు, నిజంగానే అంది. "ఇంత నున్నటి చేతులు నాకే లేవమ్మా." కార్ఖానా మనిషి ఇప్పటి పగుళ్ళకి అంట్లు తోమడమే కారణం అన్నాడు. వదిన "లోపలున్నాయండీ, పెద్దది చేసి చూడండి, మా తమ్ముడు చెప్పాడు" అని బతిమాలింది. అధికారిణి పెన్‌డ్రైవులోది గోడ మీది తెర నిండా పెద్దది చేసి చూపించింది. ఉన్నదంతా మైదాపిండి ముద్ద. మా వదిన ఆ తెర వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను.

ఇంటికొచ్చి మా ఆయన్ని ఆ మొదటి ఫోటో బయటికి తియ్యమన్నాను, ఇసుకతో ఉన్నదే, కనీసం పొక్కుల జాడైనా ఉంటుంది కదా అని. లేదట. రెండొందలు కదా, ఒక్కొక్కటీ బండెడంత జాగా తింటుందని, శుభ్రం చేసినవి ఉంచి అసలువి తుడిచేస్తాడట! ఏ అంకెని నెత్తిన పెట్టుకుని ఊరేగాడో దానికి చోటు చాలక అక్క బతుకుని తుడిచేశాడు. పోనీ ఏడ్చాడా? "వాళ్ళ తెర మంచిది కాదు" అన్నాడు. నోటికొచ్చినట్టల్లా తిట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

వదిన మళ్ళీ తొట్ల దగ్గరికే పోతోంది. రబ్బరు తొడుగులిచ్చారు. వాటిలోకి నీళ్ళు దిగుతాయి.

అక్కడితో ఆగితే ఆయన మా ఆయనెందుకవుతాడు? పక్కనున్న గాజుల కొట్టాయనకి ఆ ఫోటో నచ్చిందట. మా ఆయన దాన్ని తలుపంత పెద్దది చేసి, మణికట్టుకి గాజులు అతికించి, కింద రెండొందల అంకె వేసి, మా స్టూడియో అద్దంలో నిలబెట్టాడు. నేను చింపబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఇంత క్లారిటీ ఈ వీధిలో ఎవడిచ్చాడు చెప్పు?"

మొన్న పొద్దున వదిన డ్యూటీకి పోతూ ఆగింది. అద్దం ముందు నిలబడి, తల కాస్త వాల్చి, చాలాసేపు చూసింది.

"ఎవరివిరా ఈ చేతులు? ఎంత బాగున్నాయో!" అంది.

మా ఆయన తల వంచుకుని ఫోను తుడుచుకోసాగాడు. నేను ఊరుకోలేకపోయాను. "నీవే వదినా" అన్నాను.

ఆవిడ నవ్వబోయింది. మళ్ళీ ఫోటో వైపు చూసి, ఎవరో చూస్తున్నట్టు తన రెండు చేతుల్నీ గబగబా కొంగు కింద దాచేసుకుంది. "టైమైపోతోందమ్మాయ్" అని కార్ఖానా వైపు వెళ్ళిపోయింది.