రెండో లెక్క మేడం

ఆవిడ కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు ఆ సంస్థలో ఒక్కరూ లేరు. టీ తాగినా కిటికీ దగ్గర నిలబడే తాగుతుంది, అదీ పూర్తిగా చల్లారిపోయాక. ఏదైనా మనసులో పడితే గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూనే ఉంటుంది. కింద రంగుల దుకాణంవాడు తన నెత్తిమీద అడుగుల చప్పుడు వినగానే, "మేడంగారికి ఎక్కడో లెక్క తేడా కొట్టింది" అని వచ్చినవాళ్లకు చెప్పేవాడు. రంగుల సంగతేమో గానీ ఈ విషయంలో వాడి మాట ఎన్నడూ తప్పలేదు.

ఆ దుకాణం మీద ఉన్నది ఒక చిన్న గణాంక పరిశోధన సంస్థ. అది ప్రభుత్వానిది కాదు, ఏ కంపెనీదీ కాదు. ఎవరో ఒక ప్రశ్న పట్టుకొస్తారు. ఈ మందు నిజంగా పనిచేస్తోందా, ఈ బడిలో పిల్లలు ఎందుకు మానేస్తున్నారు, ఇలాంటివి. దాంతోపాటు బోలెడన్ని అంకెలు తెచ్చి పోస్తారు. వీళ్లు కంప్యూటర్ల ముందు కూర్చుని, తల బద్దలు కొట్టుకుని జవాబు తీస్తారు. ఆ జవాబు నచ్చకపోతే అది అడిగినవాళ్ల ఖర్మ.

అక్కడ ఏ పనైనా ఇద్దరు చేయాల్సిందే. వేర్వేరు గదుల్లో, ఒకరి ప్రోగ్రాము ఒకరు చూడకుండా చేయాలి. చివరికి ఇద్దరూ తమ జవాబుల్ని కవర్లలో పెట్టి పెద్దాయనకు ఇస్తారు. పెద్దాయన అంటే సంస్థను పెట్టిన మాజీ ప్రొఫెసరు. ఆయన ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని కవర్లు విప్పేదాకా ఆ పని ఊసే ఎత్తకూడదు. మొదటి లెక్క గడ్డం మాస్టారిది, రెండోది ఈవిడది. అందుకే అందరికీ ఆవిడ రెండో లెక్క మేడం అయింది. అసలు పేరు జీతం ఇచ్చే అమ్మాయికి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఇది చాలదన్నట్టు ఆవిడ ఇంకో నియమం పెట్టించింది. చేస్తున్న పనిలో తన చుట్టాలకు లాభమో నష్టమో ఉందని తెలిస్తే, తెలిసిన క్షణమే లేచి చెప్పాలి. పనిలోంచి తప్పుకోవాలి. అప్పటిదాకా చేసింది చెత్తబుట్టలోకే. ఒకసారి నీటి సరఫరా లెక్క సగంలో ఉండగా, గడ్డం మాస్టారి మేనత్త కొడుకు ఆ ఆఫీసులోనే గుమాస్తా అని బయటపడింది. "మా మేనత్తకీ మాకూ మాటల్లేక ఏళ్లయింది మేడం!" అని ఆయన మొత్తుకున్నాడు. ఆవిడ వింటేగా! చెవి పట్టుకుని గుమ్మం దాటించినంత పని చేసింది. ఆయన ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు, ఎవర్నీ మర్చిపోనివ్వలేదు.

అలాంటి మనిషికి అంబులెన్సుల లెక్క వచ్చి పడింది. ఊళ్లో అంబులెన్సులు నిలిపే కేంద్రాల్లో ఒకటి మూసేయక తప్పదు, ఏది మూస్తే జనానికి తక్కువ నష్టమో చెప్పండి అని నగర కార్యాలయం అడిగింది. ఫోన్ ఎప్పుడొచ్చింది, బండి ఎప్పుడు చేరింది అన్న వివరాలన్నీ ఒక ఫైల్లో పంపింది. ఊళ్లో ఉన్నాక ఎవరికైనా చుట్టాలుంటారు. అందుకని పెద్దాయన పేటల పేర్లన్నీ తీసేసి నంబర్లు మాత్రమే ఉంచాడు.

ఆ పని మొదలైన రోజుల్లోనే చెల్లెలు ఫోన్ చేసింది. చెల్లెలి కాపురం ఊరి చివర, గుట్టమీది పేటలో. అక్కడ వీధులంటే మెట్లే. బండ్లన్నీ కింద రోడ్డుమీద ఆగిపోవాల్సిందే.

"అక్కా, పోయిన వారం మీ మరిదికి గుండెలో నొప్పొచ్చింది. నలుగురూ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుని దింపారు. అంబులెన్సేమో..."

"ఆగాగు. ఇప్పుడెలా ఉన్నాడు?"

"ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఇంటికి తీసుకొచ్చేశాం. ఆ రోజు అంబులెన్సు..."

"అంబులెన్సుల మాట నా దగ్గర ఎత్తకు తల్లీ. ఆఫీసు పని. బాగున్నాడుగా, అంతే చాలు."

అవతల చెల్లెలు నోరు మూసుకుంది. పాపం, అక్క పని అంటే దానికి చిన్నప్పటినుంచీ భయభక్తులు.

కవర్లు విప్పిన రోజు ఇద్దరి జవాబులూ చివరి దశాంశం దాకా కలిశాయి. ఏడో నంబరు పేటలో బండి అందరికంటే తొందరగా చేరుతోంది. ఫోన్లు కూడా అక్కణ్నుంచే తక్కువ. కాబట్టి మూయాల్సింది ఆ పేటకు దగ్గరి కేంద్రమే. గడ్డం మాస్టారు బల్లమీద దరువేశాడు. పెద్దాయన అప్పుడు పేర్లున్న మ్యాపు తీసి పరిచాడు. ఏడో నంబరు గుట్టమీది పేట.

ఆవిడ మ్యాపు మీదికి వంగింది. మెట్లెక్కి వెళ్లలేని బండి అందరికంటే ముందు ఎలా చేరుతుంది? కుర్చీలో మోసుకుని దింపారన్న సగం మాట చెవిలో గింగుర్లెత్తింది. బండి రోడ్డుమీద ఆగగానే డ్రైవరు చేరినట్టు బటన్ నొక్కేస్తాడు. మనిషి పైనే ఉన్నా, కిందికి వస్తున్నా ఆ ఫైలుకు పట్టదు. ఆటోలో వేసుకుని పోయినవాళ్లయితే ఫైల్లోనే ఉండరు. తప్పు తిరిగే గోడ గడియారాన్ని చూసి ఇద్దరూ చేతి గడియారాలు సరిచేసుకుంటే, ఇద్దరి టైమూ కలవక చస్తుందా! ఇన్నేళ్లుగా ఇద్దరు ఇద్దరని గొప్పలు పోయారు గానీ, ఆ ఇద్దరూ తినేది ఒకే ఫైలు అన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

చెబితే ఏమవుతుంది? తన లెక్క బుట్టలోకి పోతుంది, గడువు తప్పుతుంది, చెల్లెలి కోసం లెక్క మార్చిందన్న మాట జన్మంతా వెంటాడుతుంది. చెప్పకపోతే గుట్ట దగ్గర బండి ఉండదు. మరిది గుండె ఈసారి ఆగుతుందో, బండి వచ్చేదాకా ఆగి చూస్తుందో ఎవరికి తెలుసు!

ఆ సాయంత్రం ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఫోన్ తీస్తుంది, చెల్లెలి నంబరు దాకా వెళ్తుంది, పెట్టేస్తుంది. అడిగితే చుట్టరికంతో సాక్ష్యం లాగినట్టే. అలమర సర్దింది, సర్దిందాన్నే మళ్లీ సర్దింది. కళ్లద్దాల కొట్టు మూసి వచ్చిన భర్త కాసేపు చూసి ఊరుకోలేకపోయాడు.

"ఏమోయ్, ఆ నేలను అరగదీస్తే ఇంటాయన మన మీద పడతాడు. ఏమైంది?"

"చెప్పకూడదండీ."

"సరే, చెప్పకు. పోనీ అన్నం తినకూడదని కూడా రాసుకున్నారా మీ ఆఫీసులో?"

మరొకప్పుడైతే నవ్వేది. ఆ పూట నవ్వు రాలేదు, అన్నమూ దిగలేదు. భయమేసింది. తన పేరు పోతుందన్న భయం ఎక్కువో, మరిది పోతాడన్న భయం ఎక్కువో తేల్చుకోలేకపోవడం ఆవిడకు అన్నిటికంటే సిగ్గుగా ఉంది.

పొద్దున పెద్దాయన ఇంకా కోటు విప్పకముందే గదిలో జొరబడింది. గడ్డం మాస్టారు అక్కడే ఉన్నాడు.

"ఏడో నంబరులో మా చెల్లెలుందండీ. నిన్న మ్యాపు చూసేదాకా తెలీదు. నన్ను తప్పించండి."

పెద్దాయన కోటు సగం చేతిలోనే ఆగిపోయింది. "సోమవారం ఇవ్వాలమ్మా!"

"తెలుసు. ఇంకోటి కూడా ఉంది." బటన్ సంగతి చెప్పింది, మెట్ల సంగతి చెప్పింది. "ఇదంతా చెల్లెలు చెప్పిన సగం మాట మీద నాకొచ్చిన అనుమానం. నా మాట నమ్మొద్దు. మనుషుల్ని పంపి ఇంటింటా అడిగించండి."

ఆయన కోటు కొక్కేనికి తగిలించి ఫోన్ దగ్గరికి నడిచాడు. గడ్డం మాస్టారు మాత్రం ఇన్నాళ్లకు దొరికిన అవకాశాన్ని వదులుతాడా! "మా మేనత్త కొడుక్కి ఈ కబురు చెప్పి రావాలి మేడం" అన్నాడు. అని, మరుక్షణమే మొహం వాడిపోయింది. "బటన్ ఎక్కడ నొక్కుతారని నేనూ అడగలేదు చూశారా" అని కుర్చీలో కూలబడ్డాడు.

రెండో లెక్క పెద్దాయనే చేయడానికి సిద్ధమయ్యాడు. గుట్ట కేంద్రం మూయమన్న జవాబులో తప్పుందేమో చూడాలి, గడువు పెంచమని ఫోన్ చేస్తే నగర కార్యాలయం అధికారి ఒంటికాలి మీద లేచాడు. అంతటితో ఊరుకోకుండా, సంస్థ లెక్క ప్రకారం గుట్ట దగ్గరి కేంద్రం అక్కర్లేదని తేలిపోయిందంటూ పత్రికలవాళ్ల చెవిన వేశాడు. మర్నాటికి అది అచ్చయి ఊరంతా తిరిగింది.

ఆవిడకు ఎవరివో పరీక్ష మార్కుల పని అప్పజెప్పి పక్కగదిలోకి పంపారు. తలుపు అవతల ఏం జరుగుతోందో తెలియదు, అడగకూడదు. గుట్టమీద చీటీలు తీసినట్టు కొన్ని ఇళ్లు ఎంచి మనుషుల్ని పంపారన్నంతవరకే తెలుసు. వాళ్లు సరిగ్గా అడిగారా? జనం సరిగ్గా చెప్పారా? మార్కుల కాగితాలు కళ్లముందు ఉంటాయి, ప్రాణం గోడ అవతల ఉంటుంది. కింద రంగుల దుకాణంవాడికి కూడా విసుగొచ్చిందేమో, ఒకరోజు పైకొచ్చి, "మేడం, ఆ తేడా ఇంకా దొరకలేదాండీ?" అని అడిగి పోయాడు. చెల్లెలు ఫోన్ చేస్తే కూరల ధరలు మాట్లాడి పెట్టేసేది.

చివరికి నివేదిక బయటికి వచ్చింది. అందరితోపాటే ఆవిడా చదివింది. గుట్టమీద బండి చేరడానికీ, మనిషి బండి దాకా చేరడానికీ మధ్య ఉన్నదే అసలు ఆలస్యం. మోయడానికి మనుషుల్ని పెట్టాలి, కేంద్రం ఉంచి తీరాలి. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరి పేజీలో కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: ఎంచిన ఇళ్లలో ఒకటి సంస్థ ఉద్యోగి బంధువులది కాబట్టి, ఆ ఇంటి జవాబులు తీసేశాం.

ఆ సాయంత్రమే గుట్ట ఎక్కింది. సగంలోనే ఆయాసం వచ్చి గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. చెల్లెలు గుమ్మంలోనే ఎదురైంది. లోపల మరిది ఒక చెయ్యి విరిగిన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"రండి వదినా" అని లేవబోయాడు.

"లేవకు బాబూ, కూర్చో."

చెల్లెలు నీళ్లిచ్చి, కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "అక్కా, నువ్వు తిట్టనంటే ఒకటి చెప్తా. మీ ఆఫీసువాళ్లు మా ఇంటికీ వచ్చారు. అంబులెన్సు ఎంతసేపటికి వస్తుందని అడిగారు."

"ఏం చెప్పావ్?"

"ఇట్టే వస్తుందని చెప్పా. అసలు మోసే పనే లేదన్నా."

"ఏంటీ! నీకేమైనా మతిపోయిందా?"

"పేపర్లో నీ లెక్క అలాగే ఉందిగా. అది తప్పని నా నోటితో ఎలా చెప్పను? నీ ఉద్యోగానికి ముప్పొస్తే?"

"మరి వీడు? మళ్లీ నొప్పొస్తే ఏం చేద్దామనుకున్నావే?"

"నలుగురూ ఉన్నారు, కుర్చీ ఉంది. మా తిప్పలు మేం పడతాం అనుకున్నా."

అక్కకు ముందు మండుకొచ్చింది. తర్వాత చెల్లెల్ని దగ్గరికి లాక్కుంది. "నీ జవాబు తీసి పారేశారే పిచ్చిదానా. నా చెల్లెలివి కాబట్టి. ఆ నియమం పెట్టిందాన్ని నేనే."

"అమ్మయ్య" అని చెల్లెలు గుండెమీద చెయ్యేసుకుంది. అంతలోనే మళ్లీ అడిగింది. "మరి ఆయన్ని దింపిన రోజు? అది కూడా ఎక్కడా లేదా?"

"దింపాక ఫోన్ చేశారా, ముందా?"

"దింపాకే. కింద రోడ్డుమీద సిగ్నల్ వస్తుంది. పైన వస్తే వస్తుంది, లేకపోతే లేదు."

అంటే ఆ రోజు మొదటినుంచీ ఫైల్లోనే ఉంది. నంబరేసిన వేల వరసల్లో ఒకటిగా తన చేతుల మీదుగానే వెళ్లింది. "ఉంది" అంది ఆవిడ. "బండి ఇట్టే వచ్చినవాటిలో ఉంది."

మరిది విరిగిన కుర్చీచేతిని నిమురుతూ తల వంచుకున్నాడు. ఆవిడ కిటికీ వైపు రెండడుగులు వేసింది. మళ్లీ వెనక్కి వచ్చి అతని పక్కనే నేలమీద కూర్చుంది.

"ఆ రోజు నిన్ను చెప్పనివ్వలేదు. ఇప్పుడు చెప్పవే."

"ఇప్పుడెందుకక్కా, అయిపోయిందిగా."

"మొదటినుంచి చెప్పు."

చెల్లెలు కూడా వచ్చి ఎదురుగా చతికిలబడి మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. అది ముగిసేదాకా అక్క కూర్చున్నచోటినుంచి లేవలేదు.