మెడ సన్నబడిన తూటా

నలభై ఏళ్ల కిందట ఆర్న్ తాతా, ఆయన నేస్తం ఎల్డనూ హార్డ్‌వేర్ కొట్లో నిలబడి ఒక పూటంతా వాదించుకున్నారు. ఎల్క్‌ని కొట్టాలంటే ఏ తూటా కొనాలి? ఎల్డన్‌కి పెద్ద మోత మోగే మాగ్నమ్ కావాలి. తాతకి థర్టీ ఆట్ సిక్స్ అనే రకం.

“అది మామూలు జింక కాదురా, గుర్రమంత ఉంటుంది. భుజం ఎముక దాటి గుండెకి పోవాలి. దానికి ఇది చాలు. అసలు సంగతేంటంటే, కొండ మీద నీ తూటాల డబ్బా పోతే నా డబ్బాలోంచి ఇస్తా. ఇద్దరిదీ ఒకటే తూటా అయితేనే అది కుదిరేది,” అన్నాడు తాత.

ఆ చివరి మాటకి ఎల్డన్ లొంగాడు. చేతులు కలిపారు. పెళ్లినాడు కూడా ఈయన అంత గట్టిగా మాటివ్వలేదని లెనా అవ్వ ఇప్పటికీ దెప్పుతుంది.

మాట నిలబడింది. ఒక ఏడు ఎల్డన్ సంచీ వాగులో కొట్టుకుపోతే తాత తన తూటాల్లో సగం ఇచ్చాడు. సన్న తూటాలతో కొండెక్కే కుర్రకారుని చూసి ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్లు. “ఉడతల వేటకా, నాయనా?” అని ముందుగా అనేది ఎల్డనే.

పోయిన అక్టోబరుకి తాతకి డెబ్బై ఆరు. మోకాళ్లు రెండూ మొరాయిస్తున్నాయి. ఇదే తన ఆఖరి ఎల్క్ అని, అడగనివాళ్లకి కూడా చెప్పుకొచ్చాడు. ఊళ్లో వేటకెళ్లే అందరికీ సామాన్ల జాబితా రాసిచ్చే ఆ పెద్దమనిషి, తన తూటాల డబ్బాని ట్రక్కు బానెట్ మీద పెట్టి అలాగే బండి తోలుకుపోయాడు. నాలుగు గంటలు కొండెక్కి, రెండు వందల గజాల్లో కొమ్ముల ఎల్క్ మేస్తుంటే, తుపాకీ నింపుదామని జేబు తడుముకున్నాక గానీ ఆ సంగతి తెలియలేదు.

“ఒరేయ్, నాలుగు తూటాలు ఇలా పడెయ్,” అన్నాడు గుసగుసగా.

ఎల్డన్ ఎల్క్ వైపే చూస్తూ జేబుని చేత్తో కప్పుకున్నాడు.

“నిన్నేరా!”

ఎల్డన్ ఒకటి తీసి అరచేతిలో పెట్టాడు. పొట్ట తమ తూటాదే. మెడ మాత్రం ఎవరో పిసికినట్టు సన్నగా ఉంది.

“ఇదేంట్రా?”

“ట్వంటీ ఫైవ్. సన్న రకం. నీ తుపాకీలో పెట్టకు, ప్రమాదం.”

“నీదీ నాలాంటి తుపాకీయే కదరా!”

“కర్ర అదే. గొట్టం మార్పించా. భుజం ఆపరేషనయ్యాక, పేల్చినప్పుడల్లా అది వెనక్కి తన్నే తన్ను తట్టుకోలేకపోయాను.”

“ఎప్పుడు?”

“మూడేళ్లయింది.”

మూడు అక్టోబర్లు. ఒకే గుడారం, ఒకే పెనంలో వేగిన బేకన్, పక్కపక్కనే గురకలు.

“పోయినేడు ఆ కుర్రాణ్ణి ఉడతల వేటకా అన్నావే! నీ తుపాకీలో ఇది పెట్టుకునేనా?”

“నీకు చెబితే నవ్వుతావని...”

“నవ్వేవాణ్ణే. నవ్వి, నేనూ గొట్టం మార్పించుకునేవాణ్ణి. నా భుజమేమన్నా ఇనపదా?”

ఎల్డన్ తన తుపాకీ చాచాడు. “నువ్వే కొట్టు, ఆర్న్. నీ ఆఖరిది.”

తాత చేతులు చంకల్లో దాచుకున్నాడు. ఎల్క్ తలెత్తి అడవి వైపు తిరిగింది. ఇక ఎల్డనే కొట్టాడు. అది పదడుగులు వేసి కూలింది. అంత చక్కగా కూలినందుకు తాతకి ఒళ్లు ఇంకా మండింది.

మాంసం దించడానికి రెండు రోజులు పట్టింది. తాత తన వంతు మోశాడు గానీ పెదవి విప్పలేదు. ఇంట్లో ఆ మాంసం వండిన ప్రతిసారీ “చెప్పుతోలులా ఉంది” అంటూనే రెండోసారి వడ్డించుకుంటాడు.

ఈ వసంతంలో హార్డ్‌వేర్ కొట్టుకి పోయి ఒక డబ్బా తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు. ట్వంటీ ఫైవ్.

“ఇదెవరికి?” అంది అవ్వ.

“కొండ మీద వాడి డబ్బా పోతే? మాట తప్పింది వాడు, నేను కాదు.”

డబ్బా ఇంకా అక్కడే ఉంది. ఎల్డన్ ఫోన్ చేస్తే మాత్రం “ఆర్న్ ఇంట్లో లేడు” అని తాతే స్వయంగా చెప్పి పెట్టేస్తాడు.